నీరసమంటే థైరాయిడ్ ఒక్కటేనా?

పాత ఇనుముకు పూసిన రెడ్ లెడ్ పెయింటును గ్రైండర్‌తో గీకినా, గ్యాస్ కటింగ్ పెట్టినా సీసం దుమ్ము, పొగ ఊపిరితో లోపలికి పోతాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. చేతులు కడగకుండా తింటే కడుపులోకీ పోతుంది. కొన్నాళ్లకు నీరసం, మలబద్ధకం, మతిమరుపు మొదలవుతాయి. థైరాయిడ్ తగ్గినా ఇవే లక్షణాలు! అందుకే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించి, నార్మల్ అనగానే మళ్లీ డ్యూటీకి పోతుంటాం. ఆ పరీక్షలో సీసం కనపడదు. థైరాయిడ్ ఉందని తేలినా సీసం లేదని అర్థం కాదు.

"పాత పెయింటు గీకే పని చేస్తున్నా, రక్తంలో సీసం ఎంతుందో చూడండి" అని డాక్టరుకు మీరే చెప్పాలి. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, పని వల్ల వచ్చిన జబ్బుకు వైద్యం ఖర్చు కంపెనీదే. కాబట్టి రిపోర్టులో మీరు చేసే పని ఏమిటో రాయించి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.