గాలిబ్ శోకగీతం – ఒక పరిశీలన

ఆప్తుల వియోగదుఃఖాన్ని ప్రకటించే కవితను ఉర్దూలో ‘మర్సియా’ అంటారు. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుసేన్ పొందిన వీరమరణమే ఉర్దూ మర్సియాకు ప్రధాన వస్తువు. పందొమ్మిదవ శతాబ్దిలో లక్నో కవులు మీర్ అనీస్, మీర్జా దబీర్ ఆరేసి పాదాల ‘ముసద్దస్’ రూపంలో దానిని ఉన్నతశిఖరాలకు చేర్చారు. కవి తన సొంత ఆప్తునికై వ్రాసిన మర్సియాలు మరొక శాఖ. అందులో మీర్జా గాలిబ్ రచన ఒకదానిని ఇచ్చట పరిశీలింతము.

గాలిబ్ సంతానంలో ఒక్కరును శైశవం దాటి బ్రతుకలేదు. భార్య ఉమ్రావ్ బేగం సోదరి కుమారుడు, స్వయంగా కవియైన జైనుల్ ఆబిదీన్ ఖాన్ ఆరిఫ్‌ను ఆయన పుత్రవాత్సల్యంతో చూచుకొన్నాడు. ఆ ఆరిఫ్ కూడ 1852లో అకాలమరణం పాలైనాడు.

ఈ శోకానికి గాలిబ్ ఎన్నుకొన్నది గజల్ రూపం. ప్రేయసితో నిష్ఠురాలాడుటకు అలవాటుపడిన ఆ రూపంలో తండ్రివంటివాడు కుమారునివంటివానితో నిష్ఠురమాడుతున్నాడు. గజల్‌లో ద్విపద చివర మారక వచ్చే పదాలను ‘రదీఫ్’ అంటారు. ఇందలి రదీఫ్‌కు మరికొన్నాళ్ళు అని అర్థం. నాకై వేచియుండవలసినది అనే నింద మొదట దానిలో వినిపిస్తుంది. ఒంటరిగా వెళ్ళితివి గనుక ఒంటరిగానే ఉండుమనే అలుక తరువాత వస్తుంది. చివరకు అది కవి తాను బ్రతుకవలసిన దినాల బరువుగా పరిణమిస్తుంది. పదాలు అవే, దుఃఖం మాత్రం ఒక్కొక్క మెట్టు లోతునకు దిగుతుంది.

సంతాపసభలలో మనము గతించినవారి సద్గుణాలను వల్లించి ఊరకుంటాము. గాలిబ్ ఆరిఫ్‌ను పొగడుటతో తృప్తిపడలేదు. ఎదుట నిలిచినవానితోవలె పోట్లాడినాడు. పోట్లాడే చనువు ప్రేమ ఉన్నచోటనే కదా! అందుచేతనే ఆ శోకం మనకు నిజమనిపిస్తుంది. ఆరిఫ్ కుమారులిద్దరు తరువాత గాలిబ్ ఇంటనే పెరిగినారు.

తెలుగులోను ఇట్టి రచనలు కలవు. విశ్వనాథ సత్యనారాయణ భార్యావియోగంతో ‘వరలక్ష్మీ త్రిశతి’ని, నాయని సుబ్బారావు తల్లిని తలచుకొని ‘మాతృగీతాలు’ను రచించినారు. రెండు భాషలు వినవచ్చే మన కళాశాలలో వీనిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొనే భాగ్యం మనకున్నది. తల్లినో, తండ్రినో, స్నేహితునో పోగొట్టుకొని మాట రాక మౌనంగా తరగతిలో కూర్చున్న సహాధ్యాయి మనలో ఎప్పుడును ఒకరుంటారు. ఆ మౌనాన్ని అర్థం చేసికొనుటకైనను ఈ కవితలను మనము చదువవలెను.