నీళ్ల సీసా లేకుండా బజారుకి

చెల్లీ, మొన్న ఫోన్లో "బస్సెక్కి రెండు నెలలైందక్కా" అన్నావు చూడు, నాకు నా నీళ్ల సీసా గుర్తొచ్చింది. అది చేతిలో లేనిదే వీధి చివర కిరాణా కొట్టుకైనా వెళ్లేదాన్ని కాదు ఒకప్పుడు.

బస్సులోనే మొదలైంది నాకూ. దడ, చెమటలు, ఊపిరాడకపోవడం. అయిపోయాననుకున్నా. ఈసీజీ తీసి బాగుందన్నారు, గ్యాసన్నారు. అమ్మ దిష్టి తీసింది. ముందు బస్సు మానేశా, తర్వాత పెళ్లిళ్లు, ఆఖరికి గడప దాటడమే మానేశా. పానిక్ డిజార్డర్, అగోరాఫోబియా అనే పేర్లు చాలా ఆలస్యంగా తెలిశాయి.

సైకాలజిస్టు ఏం చేయించిందో వింటే నవ్వుతావు. కుర్చీలో గిరగిరా తిరగమంది, సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమంది, మెట్లెక్కి దిగమంది. ఏ దడకి హడలిపోతున్నానో దాన్నే కావాలని తెప్పించడం! సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పింది ఇదేనట: దడ పుట్టడం ఒక ఎత్తు, "గుండెపోటే" అని మనం దానికి అర్థం చెప్పుకోవడం ఇంకో ఎత్తు. ఆ అర్థమే దడని ఇంకా పెంచుతుంది.

"మాటలతో తగ్గుతుందా?" అన్నావుగా. నేనూ అలాగే వాదించా. 2016లో, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు 54 అధ్యయనాలు, 3,000 మందికి పైగా రోగుల ఫలితాలు ముందేసుకుని చూశారు. నాకు చేయించిన ఈ పద్ధతి, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే సీబీటీ, మిగతా మాటల చికిత్సలకన్నా చాలాసార్లు ముందుంది, కానీ తేడా చిన్నదే. ఇదొక్కటే మేలని బల్లగుద్ది చెప్పలేమన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆ సీబీటీలో ఏ ముక్క పనిచేస్తోందని 2018లో విడదీసి చూస్తే, నేను నవ్వుకున్న ఆ కుర్చీ తిప్పుడు లాంటివే మేలు చేసినట్టు తేలింది. కండరాలు సడలించే సాధనతో అంత లాభం కనిపించలేదు.

2000లో 312 మందితో చేసిన అమెరికా అధ్యయనం ఒకటుంది. చికిత్స ఆపిన ఆరు నెలలకి, సీబీటీతో పాటు ఇమిప్రమిన్ మాత్రలు వేసుకున్నవాళ్లకన్నా సీబీటీ మాత్రమే చేసినవాళ్లే ఎక్కువగా నిలదొక్కుకున్నారు. అలాగని నీ మాత్రలు నువ్వే ఆపేయకు, డాక్టరుతో మాట్లాడు. ఎవరిని అడగాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం వస్తున్నా. ఈ వారం బస్‌స్టాపు దాకే. పైవారం బస్సులో నీ పక్కన కూర్చుంటా, ఆ పైవారం వెనక సీట్లో. తర్వాత నేను రాను. నేనూ నీకో నీళ్ల సీసానే కదే!