స్వభావం మారితే నిందించే ముందు...



"మా అమ్మ ఇలా ఉండేది కాదు సిస్టర్! ఈ మధ్య ఊరికే కసురుకుంటోంది. కూటానికి కూడా రావడం లేదు" అని ఇంటివారు మాతో చెబుతుంటారు. కొందరు దాన్ని బద్ధకం అంటారు, కొందరు విశ్వాసం తగ్గిందంటారు. రక్తపరీక్ష చేయిస్తే ఒక్కోసారి థైరాయిడ్ లోపం బయటపడుతుంది.

మనిషి స్వభావం ఒకే ముక్క కాదు. పుట్టుకతో వచ్చిన గుణం, శరీరం, ఆలోచనలు, అలవాట్లు, తోటివారితో సంబంధాలు కలిసి పనిచేస్తేనే స్వభావం. ఒకటి కుంటుపడితే మిగతావీ తడబడతాయి. థైరాయిడ్ హార్మోను తగ్గితే నీరసం, మతిమరుపు, దిగులు రావచ్చు. నీరసంతో ఇంటిపని వెనకబడుతుంది. ఇంట్లోవారు విసుక్కుంటారు. "నేనెందుకూ పనికిరాను" అనే తలంపు మొదలై నిద్ర చెడుతుంది. నిద్ర లేక కోపం ఇంకా పెరుగుతుంది. అయితే ఈ చక్రాన్ని ఒకచోట ఆపినా మిగతా భాగాలకు మేలే.

మొదటి రాజులు 19వ అధ్యాయం చదవండి. ఏలీయా బదరీవృక్షం క్రింద చావు కోరుకున్నాడు. దూత అతన్ని గద్దించలేదు. రెండుసార్లు తట్టి లేపి భోజనం పెట్టాడు, నడుమ నిద్రపోనిచ్చాడు. ఆ తరువాత దేవుడు అతని మొర విని, పని అప్పగించి, ఎలీషాను తోడిచ్చాడు. శరీరం, మనసు, పని, తోడు - దేన్నీ విడిచిపెట్టలేదు.

ఇంట్లో మనం చేయవలసినవి:

1. మార్పు ఎప్పటినుండి వచ్చిందో, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో, కొత్త మందులేమైనా వాడుతున్నారో గమనించి డాక్టరుగారికి చెప్పండి.

2. వారి సలహాపై థైరాయిడ్, షుగరు, రక్తహీనత, బి12 పరీక్షలు చేయించండి. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానకండి.

3. రిపోర్టులు బాగున్నాయని "నటిస్తోంది" అనకండి. మనసు జబ్బు కూడా జబ్బే. దానికీ వైద్యం ఉంది.

4. ఒకటి రెండు రోజుల్లోనే తికమకపడినా, మాట తడబడినా, తలకు దెబ్బ తగిలాక తీరు మారినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురండి.

5. చావు మాటలు మాట్లాడేవారిని ఒంటరిగా వదలకండి, ఆస్పత్రికి తీసుకురండి. టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. ప్రార్థిస్తూనే పరీక్ష చేయించండి. ఈ రాత్రి భోజనాల దగ్గర, మీ ఇంట్లో ఎక్కువగా మాట పడుతున్నది ఎవరో ఒకసారి ఆలోచించండి. వారిని ముందుగా "నిద్ర పడుతోందా?" అని అడగండి.