వరిలో ఉల్లికోడు: గొట్టము కనబడక మునుపే కాపుదల

నార్కట్‌పల్లి ప్రాంతమున చెరువులు, బావుల క్రింద వరి వేయు రైతులు కొందరు, పిలకలు ఉల్లికాడలవలె గొట్టములైనప్పుడు చూచి మందునకు పరుగెత్తుదురు. అప్పటికి ఆ పిలక పోయినట్లే. గొట్టమైన పిలక వెన్ను వేయదు. ఏ మందు చల్లినను అది తిరిగి రాదు. కనుక కాపుదల ముందే జరుగవలెను.

గొట్టము ఎట్లు కలుగును?

మొక్కచేత ఇల్లు కట్టించుకొను పురుగులు లోకమున పెక్కు గలవు. చల్లని దేశములలో విల్లో చెట్టు ఆకుపై ఒక రంపపు ఈగ గ్రుడ్డు పెట్టుచు విడుచు ద్రవమువలన చిక్కుడుగింజవంటి బుడిపె లేచును. పిల్లపురుగు అందులో పెరుగును. పోవునది ఆకులో కొంత భాగమే. వరిలో అట్లు కాదు.

ఉల్లికోడు ఈగ దోమవలె నుండును. రాత్రివేళ ఆకులపై గ్రుడ్లు పెట్టును. మూడు నాలుగు దినములలో పొదిగిన పిల్లపురుగు, ఆకుమీది తడిని ఆధారముగా చేసికొని ప్రాకి, పిలక మొవ్వులో చేరును. అది గీకి తినుటవలన ఆకుతొడిమ గొట్టముగా మారును. సుమారు మూడు వారములలో ఈగ బయటికి వచ్చును. గొట్టము కొనయందు చిక్కుకొనిన తెల్లని పొరయే దాని గుర్తు.

ముసురు, మబ్బు, తడి దీనికి అనుకూలము. చెరువు నిండుట ఆలస్యమై ఆలస్యముగా నాటిన పొలమునకే హెచ్చు నష్టము.

చేయవలసిన పనులు

1. వానకాలపు పంటను వీలైనంత ముందుగా, ఊరంతయు ఒకేసారి నాటవలెను.

2. నారు పీకుటకు వారము ముందు, సెంటు నారుమడికి 160 గ్రాముల కార్బోఫ్యూరాన్ 3 శాతము గుళికలు పలుచటి నీటిలో చల్లవలెను. ఇది తీవ్రమైన విషము. చేతులకు తొడుగులు వేసికొని, పశువులను మడిలోనికి రానీయరాదు.

3. నాటిన పిదప వారమున కొకమారు 20 దుబ్బులు పరీక్షింపుడు. దుబ్బునకు 10 పిలకల చొప్పున 200 పిలకలలో 10 గొట్టములున్నచో 5 శాతము. పిలకలు వేయు దశలో ఇంతకు మించినచో మిగిలిన పిలకలను కాపాడుటకు ఎకరమునకు 10 కిలోల గుళికలు వేయవలెను.

4. పిలకలు వేయుట ముగిసిన పిదప మందు వేయుట వృథా. ప్లాటిగాస్టర్ అను చిన్న నల్లని పరాన్నజీవి పురుగు ఉల్లికోడును లోపలినుండి చంపును. మందు దానినే చంపును.

5. కోత కాగానే కొయ్యకాళ్లు దున్ని, గట్లమీది గడ్డి తీయవలెను.

విత్తన మెన్నుకొనుట

సాంబ మసూరి (బి.పి.టి. 5204) ఈ పురుగునకు తట్టుకొనదు. తట్టుకొను రకములును అన్నిచోట్ల నిలువవు. 1986లో శ్రీకాకుళము జిల్లాలో పురుగు క్రొత్త తెగ బయలుదేరి ఫల్గుణ రకమును లొంగదీసెను. కనుక పొరుగు జిల్లాలో నిలిచినదని విత్తనము తేరాదు. మన ప్రాంతమున నిలుచునది ఏదో వ్యవసాయాధికారి నడిగి, నారు పోయుటకు ముందే నిర్ణయించుకొనుడు.