టోకియోలో ఒక పేట దేవళపు ఉత్సవము

పరదేశీయుల ఆచారములను గూర్చి పుస్తకములందు చదువుట యొకటి; వారి వీధిలో నిలిచి కన్నులార చూచుట మఱియొకటి. ఈ వ్యాసమునందు ప్రసిద్ధమైన మహాక్షేత్రమును గాక, టోకియో నగరమున నొక పేటవారి దేవళమును, అందు ఏటేట జరుగు ఉత్సవమును వర్ణింపదలచితిమి. ఒక జనసమూహము కలసి బ్రదుకు రీతి పెద్ద క్షేత్రములకంటె నిట్టి చిన్న సందులలోనే స్పష్టముగ గానవచ్చును.

షింటో యనగా నేమి?

షింటో జపానీయుల ప్రాచీన మతము. ఆ పదమునకు దైవమార్గమని యర్థము. దీనికి స్థాపకుడు లేడు. కొండలు, జలపాతములు, మహావృక్షములు, పూర్వవీరులు మొదలగువానియందు వెలయు దివ్యశక్తులను వారు ‘కామి’ యందురు. కామి నివాసమునకు ‘జింజ’ యని పేరు. దేశమంతట నిట్టివి సుమారు 80,000 కలవు. ఒక్కొక్క పేటను గాచు దేవత యుండును. ఆ పేటవారిని ‘ఉజికో’ యందురు, అనగా ఆ దేవత బిడ్డలన్నమాట. తమ యిండ్లలో బౌద్ధరీతిని పితరులను గొలుచువారు సయితము ఉత్సవమునాడు జింజకు వచ్చుటలో విరోధమును జూడరు.

మేము చూచినది

2024వ సంవత్సరము జూను మాసపు రెండవ ఆదివారమున మేము అసకుసబషి స్టేషనులో రైలు దిగి, కొంతదూరము నడచి తొరిగొయె జింజను జేరితిమి. ఇది 651వ సంవత్సరమున వెలసినదని స్థలపురాణము. యమతొ తకెరు అను పురాణవీరు డిచట పూజింపబడుచున్నాడు. చుట్టును చిన్న దుకాణములు, ఇరుకు వీధులు. సమీపమున ‘ఓకజు యొకోచో’ యను సందు కలదు. కూరల సందని దాని యర్థము. ఈ ప్రాంతపు చిన్న పరిశ్రమలలో ఆలుమగ లిరువురును పనిచేయువా రగుటచే, వండిన కూరలమ్ము దుకాణము లిచట నేర్పడెనని చెప్పుదురు.

జింజ ముంగిట రెండు స్తంభములపై అడ్డదూలములు గల ‘తోరీ’ యను ద్వారము నిలిచియుండును. దానిని దాటినవారు నీటితొట్టికడ మొదట ఎడమచేతిని, పిదప కుడిచేతిని కడిగికొని, నోరు పుక్కిలింతురు. ముందరి పెట్టెలో నాణెము వేసి, రెండుమారులు వంగి, రెండుమారులు చప్పట్లు చఱచి, మరల నొకమారు వంగుదురు. మేము వారి మ్రొక్కులో బాలుగొనక, ప్రక్కగా నిలిచి గౌరవముతో జూచితిమి. చందా లిచ్చినవారి పేర్లు వ్రాసి యెల్లర కగపడునట్లు ప్రదర్శించుట జపాను ఉత్సవములందు వాడుక. ఉత్సవవ్యయమును భరించునది పేటవారే.

ఉత్సవమునకు బ్రాణము ‘మికోషి’. ఇది నల్లని లక్కపూతయు, బంగారు తాపడమును గల చిన్న గుడివంటి పల్లకి. మన దేశమున ఊరేగింపునాడు ఉత్సవవిగ్రహము ఎల్లరకు గానవచ్చును; మికోషిలో విగ్రహ మేదియు గనబడదు. అర్చకుడు మంత్రపూర్వకముగ దైవమును దానియం దావహింపజేయును. తొరిగొయె మికోషిని ‘సెంగన్ మికోషి’ యందురు. ‘కన్’ అనునది 3.75 కిలోగ్రాముల పాత తూనిక. ‘సెంగన్’ అనగా వేయి కన్‌లు. దీని బరువు సుమారు నాలుగు టన్నులని ప్రసిద్ధి. పొడవైన దూలములను త్రాళ్లతో బిగించి, మనుష్యులు భుజములపైననే దీనిని మోయుదురు.

ఎత్తువేళ నొక పెద్ద రెండు కొయ్యముక్కలను టక్కున గొట్టును. ఆ ధ్వని వినబడగానే వంగియున్న వందలాది భుజము లొక్కసారిగ లేచును. బలవంతు డైనను తొందరపడి ముందు లేచెనా, బరువంతయు వానిమీదనే పడును. పొడుగువాడు మోకాళ్లు వంచి, పొట్టివానికి సరిపోవునట్లు నడువవలెను. కేకల లయనుబట్టి అడుగులు పడుచుండును. అలసినవాడు తొలగగానే ప్రక్కనున్నవాడు దూరి తన భుజ మొగ్గును.

మా మనస్సును మిక్కిలి యాకర్షించినది పొలిమేరల కడ జరుగు మార్పు. దేవళపు పరిధిలో ‘చో’ యనబడు చిన్న పేటలు పెక్కు కలవు. ఒక్కొక్క పేటవారి పొట్టి చొక్కాయి వీపున ఆ పేట గుర్తుండును. ఒక పేటవారు తమ హద్దువరకు మోసి, మికోషిని దింపి, ఎల్లరును లయగా చప్పట్లు చఱచి తొలగుదురు. క్రొత్త చొక్కాయిలవారు వచ్చి దూలముల క్రింద నిలుతురు. మరల కొయ్యముక్కల ధ్వని, మరల నడక. ఇట్లు ఉదయము మొదలు రాత్రివరకు భారము చేతులు మారును. మాలో నొకడు, “మేమును కొంతదూరము మోయవచ్చునా?” యని యొక వృద్ధుని అడుగగా, ఆయన నవ్వి, “ముందుగా మా పేటవారి చొక్కాయి సంపాదింపుడు” అనెను. చొక్కాయి లేనివానికి దూలము క్రింద చోటు లేదు. ఇది గర్వము కాదు, పూచీ యని మాకు పిమ్మట దెలిసినది: మోయువాడు ఎవరి వాడో, వానికి దెబ్బ తగిలిన నెవరు బాధ్యులో తెలియవలెను గదా.

పిల్లలకును చిన్న మికోషి కలదు. రాత్రి దీపములతో నలంకరింపబడిన పెద్ద మికోషి దేవళమునకు దిరిగి వచ్చుటయే ఉత్సవమునకు శిఖరము.

చరిత్రలో రెండు దెబ్బలు

ఇట్టి పేట దేవళములు నిరాటంకముగ నేటివరకు వచ్చినవి కావు. 1906వ సంవత్సరమున జపాను ప్రభుత్వము చిన్న జింజలను పెద్దవానిలో గలుపుడని యాజ్ఞాపించెను. కొలది యేండ్లలో సుమారు 70,000 జింజలు మాయమయ్యెను. మియె, వకయమ మండలములందు నష్టము మిక్కుటము. దేవళము దూరమగుటచే వృద్ధులును పిల్లలును ఉత్సవమునకు బోజాలరైరి. దాని చుట్టునున్న ప్రాచీనవృక్షములు గొడ్డలికి గుఱియయ్యెను.

దీని నెదిరించినవారిలో ప్రసిద్ధుడు మినకత కుమగుసు (1867–1941). ఆయన క్రుళ్లిన కొయ్యపై బెరుగు జిగురుబూజులను బరిశోధించిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు. దేవళపు తోపు నశించిన జీవరాసులు నశించుననియు, ఊరివారి ఐకమత్యము చెడుననియు ఆయన వాదించెను. ఈ పోరాటములో 1910లో పదునెనిమిది దినములు నిర్బంధములో నుండెను. 1929లో చక్రవర్తి ఆ ప్రాంతమునకు రాగా, కుమగుసు జిగురుబూజుల మచ్చులను మిఠాయి పెట్టెలలో నుంచి సమర్పించెను.

రెండవ దెబ్బ వేఱు విధమైనది. యుద్ధకాలమున ప్రభుత్వము జింజలను రాజ్యభక్తికి సాధనములుగ జేసి, విద్యార్థులను సయితము బలవంతముగ నచటికి నడిపించెను. 1945 డిసెంబరు 15వ తేదీ శాసనముచే ఆ బంధము తెగినది. అప్పటినుండి జింజకు ప్రభుత్వపోషణ లేదు. దానికి రాజాజ్ఞయు లేదు. మొదటి యాజ్ఞ దేవళమును జనులకు దూరము చేసినది. రెండవది వారి యిష్టమును హరించినది. ఆ రెండును పోయిన పిదప మిగిలినది ఇరుగుపొరుగువారి భుజములే.

నేటి స్థితి

ఆ భుజములును నేడు తక్కువగుచున్నవి. జపానులో వృద్ధుల సంఖ్య పెరిగి, జననములు తగ్గినవి. అనేక స్థలములలో మోయువారు చాలక, ఇతర ప్రాంతములవారిని పిలుచుచున్నారు. పూర్వము పురుషులే మోసిన కొన్ని చోట్ల స్త్రీలును మోయుచున్నారు. 2020లో కోవిడు మహమ్మారిచే ఉత్సవములు పెక్కు నిలిచిపోయినవి. ఒక యేడు విడిచిన పనిని మరల నెత్తుకొనుట సులభము కాదు. ముడి వేయు పద్ధతి, అడుగు వేయు లయ పెద్దలనుండి పిన్నలు చూచి నేర్వవలసినవే.

విద్యార్థులారా! వారి దేవతలను మనము గొలువకపోవచ్చును. అయినను ఆ వీధిలో మేము జూచిన పాఠ మెల్లరకును వర్తించును. నాలుగు టన్నుల భారమును ఆజ్ఞ లేకయే యెత్తినవారు కూరలమ్మువారు, పనివారు, బడిపిల్లల తండ్రులు. వారు తమ హద్దువరకు మోసిరి. హద్దుకడ గౌరవముతో నొరుల కప్పగించిరి. మన పాఠశాలలో గాని, మన వీధిలో గాని, అందఱి పని యనిపించుకొని యెవరును ముట్టని భారము లెన్నియో కలవు. వానిలో నొకదాని దూలము క్రింద మీ భుజము నుంచుడు. మీవంతు ముగిసినపుడు మీ తరువాతివానికి దానిని క్రింద బడనీయక యందింపుడు.