రన్‌వే ఎటు చూస్తోందో అడిగారా?

మా చిన్నమ్మ కూతురు మొన్న ఫోన్ చేసి, "అక్కా, మామునూరు దగ్గర రెండెకరాలు చూశాం. ఎయిర్‌పోర్టు వస్తోంది కదా, స్కూలు కడదామని మీ మరిది ఒకటే పట్టు" అంది. వరంగల్లు మామునూరుకి 2025లో కేంద్రం పచ్చజెండా ఊపినప్పటి నుంచి ఆ ఇంట్లో ఇదే మాట. రోడ్డు ఎన్నడుగులు, బోరు పడుతుందా, లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా, అన్నీ కనుక్కుంది మహాతల్లి. రన్‌వే ఎటు నుంచి ఎటు వెళ్తుందని మాత్రం అడగలేదట. "అదేం ప్రశ్నక్కా!" అని పైగా నవ్వు.

హైదరాబాద్ ఎర్రగడ్డలో కాపురం చేసినవాళ్లకి అది నవ్వులాట కాదమ్మా. బేగంపేట పాత విమానాశ్రయం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, దాని పడమటి కొస సనత్‌నగర్, ఎర్రగడ్డల వైపే. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం తెరిచేదాకా ఆ రాకపోకలు మన నెత్తిమీదుగానే. గూట్లో స్టీలు గ్లాసులు గలగలమనేవి. బడిలో టీచరమ్మ "భిన్నాలు కూడేటప్పుడు ముందు హారాలు..." అని చాక్‌పీస్ ఎత్తిపట్టుకుని అలాగే నిలబడిపోయేది. విమానం దాటిపోయాక "ఎక్కడున్నాం?" అంటే ఒక్క పిల్ల చెబితే ఒట్టు. ఫిల్మ్‌నగర్ వాళ్లకేం, షూటింగ్‌లో చప్పుడొస్తే డబ్బింగ్ థియేటర్లో కూర్చుని తీరిగ్గా మళ్లీ చెప్పుకుంటారు. భిన్నాల పాఠానికి డబ్బింగ్ ఎవరు చెప్తారు?

అక్కడ ఇంకో తమాషా ఉంది. బేగంపేటలో బడే ముందొచ్చింది. ఇప్పటి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో జాగీర్దార్ కాలేజీగా మొదలైంది, విమానాలు దిగింది 1930ల్లో. ఇవాళ్టి జెట్ల మోత అప్పట్లో ఎవరు ఊహించగలరు, పాపం వాళ్లననడానికి లేదు. "సత్య నాదెళ్ల అక్కడే చదివి మైక్రోసాఫ్ట్ నడపట్లేదా?" అని మా చెల్లి దెప్పింది. ఎకరాలకెకరాల ఆవరణ ఉన్న బడి అది. నీ రెండెకరాల్లో పిల్లల్ని ఎటు జరుపుతావే అన్నాను. పైగా వాళ్లకి తెలియక జరిగింది, నీకు తెలిసి జరగబోతోంది.

ఈ చప్పుడు పిల్లల్ని ఏం చేస్తుందో జర్మనీలో మ్యూనిక్ ఊరు చూపించింది. 1992లో అక్కడ పాత విమానాశ్రయం మూసి, ఊరికి దూరంగా కొత్తది తెరిచారు. పరిశోధకులు ముందుగానే మేలుకుని రెండు చోట్లా పిల్లల్ని అంతకుముందూ ఆ తర్వాతా పరీక్షించారు. పాతచోటి పిల్లల చదువూ జ్ఞాపకశక్తీ మెరుగుపడ్డాయి, కొత్తచోటి పిల్లలవి దిగజారాయి. ఆ తర్వాత లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల దగ్గరి బడుల్లో తొమ్మిది పదేళ్ల పిల్లలు 2,800 మందికి పైగా పరీక్షలు రాస్తే, 2005లో ఫలితాలొచ్చాయి. విమానాల మోత ఐదు డెసిబెల్స్ పెరిగినచోట బ్రిటన్ పిల్లలు చదివి అర్థం చేసుకోవడంలో రెండు నెలల దాకా వెనకబడ్డారు.

"మరి గవర్నమెంటు ఎన్‌ఓసీ ఇస్తుంది కదక్కా!" ఇస్తుంది, ఎందుకివ్వదు? ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ అంటే ఎత్తు సంగతి. స్థలం అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి నేల ఎంతెత్తు, దాని మీద భవనం ఎంతెత్తు, ఇవి చూసి విమానానికి అడ్డం రాదంటే సరేనంటారు. రెండంతస్తుల బడి ఎవరికి అడ్డం? కాబట్టి రన్‌వే కొసకి ఎదురుగానైనా అనుమతి దొరకొచ్చు. లోపల కూర్చున్న పిల్లకి టీచర్ మాట వినబడుతుందా అన్న గడి మాత్రం ఆ దరఖాస్తులో లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. బడి చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించొచ్చని మన నిబంధనలే చెప్తాయి, అలా ప్రకటించినచోట హారన్ కొట్టినవాడికి జరిమానా కూడా వేస్తారు. ఆ బోర్డు పైలట్‌కి కనబడుతుందా?

ప్రమాదాల మాట ఎత్తితే భయపెడుతున్నానంటారు, ఒక్కసారే చెప్పి వదిలేస్తాను. 2010 మార్చి 3న బేగంపేట విమాన ప్రదర్శనలో నౌకాదళ విన్యాసాల విమానం న్యూ బోయిన్‌పల్లిలో ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లూ పోయారు. 2025 జులై 21న ఢాకాలో వాయుసేన విమానం పిల్లలున్న బడి మీదే పడింది. ఇలాంటివి ఏ ఏటికో ఒకటి. పాఠం ఆగిపోవడం మాత్రం రోజూ ఉండేదే, నా బెంగంతా దాని మీదే.

అందుకని మా చెల్లికి చెప్పింది ఇది. విమానాశ్రయం పటం సంపాదించి రన్‌వే గీతని రెండువైపులా పొడిగించు. ఆ గీత కిందా, దాని అటూ ఇటూ పడే స్థలం ఊరికే ఇచ్చినా వద్దు. అదే రెండు కిలోమీటర్ల దూరంలో రన్‌వేకి పక్కగా ఉన్న స్థలమైతే చప్పుడు చాలా తక్కువ. మాస్టర్ ప్లాన్ వేసేవాళ్లు ఆ గీత కింద గోడౌన్లూ షెడ్లూ పెట్టించి, బడులూ ఆసుపత్రులూ పక్కకి జరిపితే తల్లులకి ఈ వెతుకులాటే ఉండదు. ఎక్కడైనా ఆ పని పునాది రాయి వేయకముందే తేలిక.

కట్టడం సంగతి కూడా. కాంపౌండు గోడ ఎత్తు పెంచితే చప్పుడు ఆగదు, పైనుంచి వచ్చేదానికి గోడేం చేస్తుంది? డబ్బులన్నీ పైకప్పు మీద పెట్టాలి. రేకుల షెడ్డు వేశావో, వానకీ విమానానికీ ఒకటే మోత. మందం స్లాబు కావాలి, కిటికీలు మూసుకునేలా ఉండాలి, మూస్తే గాలాడాలి, అంటే కరెంటు బిల్లు ముందే లెక్కేసుకోవాలి. ఇక మధ్యాహ్నం పిల్లలు వదిలేసిన అన్నం గోడవతల పారబోస్తే గద్దలు దిగుతాయి, ఇంజనుకి పక్షి ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు బయట చెత్త వేయకూడదని చట్టమే ఉంది. అన్నం కుండీకి గట్టి మూత, రోజూ దాన్ని మూసే ఆయమ్మ, ఈ రెండూ కూడా ఎస్టిమేట్‌లో రాసుకోమన్నాను.