మనోవ్యాధిని వ్యాధి యనవచ్చునా?

మన చిక్కబళ్లాపుర జిల్లా పల్లెలలో, బాగేపల్లి మొదలు చింతామణి వరకు, ఒకని మనస్సు చెడినచో "గాలి సోకినది" అనువారు నేటికిని కలరు. వైద్యులు దానిని వ్యాధి యందురు.

1913లో నోగూచి, మూర్ అను శాస్త్రజ్ఞులు ఒకవిధమైన ఉన్మాదముతో మరణించినవారి మెదడులో సిఫిలిస్ రోగక్రిమిని కనుగొనిరి. పిమ్మట పెన్సిలిన్ దానికి మందైనది. అది నిస్సందేహముగ వ్యాధియే. కాని తక్కిన మనోవ్యాధులలో పెక్కింటికి ఇట్టి క్రిమి కనబడలేదు. విషాదరోగమును రక్తపరీక్ష తెలుపజాలదు. రోగి మాట, నడవడి, నిద్ర, ఆకలి ఇవియే వైద్యునికి ఆధారములు. అందుచేత మాతృభాషలో చెప్పుకొనుట ఎంతయు ముఖ్యము. మన అవ్వ "దిగులుగా నున్నది" అనినచో, కన్నడ వైద్యుడు తన భాషలోని "దిగిలు"ను తలచి భయమని గ్రహింపవచ్చును!

పంట పోయి దుఃఖించువాడు రోగి కాడు. ఆ దుఃఖము వారములు గడచినను వీడక, తిండియు నిద్రయు పనియు చెడినచో చికిత్స కావలెను. ఎదురాడు బిడ్డకు పిచ్చి యనుట అన్యాయము. సంఘపు కట్టుబాట్లకు ఒదుగలేదను కారణమున ఎవరిని మనోరోగిగ నిర్ణయింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించినది. శరీరవ్యాధులతో సమముగ బీమా నొసంగవలెననియు శాసించినది. ఇట్టి కట్టడి యున్నంతవరకు వ్యాధి యను పేరే మేలని నా యభిప్రాయము.

బెంగళూరు పిచ్చాసుపత్రికి 1925లో మానసిక వైద్యశాల యని పేరు మార్చిరి. 1974లో అది నిమ్హాన్స్ సంస్థలో కలిసినది. అంతదూరము పోలేనివారు టెలిమానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి, తెలుగును ఎంచుకొని మాటలాడవచ్చును.